పట్టు పట్టిన ఊరు: నరసాపురం రేవు నుంచి ఒక మాట చరిత్ర

నరసాపురంలో మాధవాయిపాలెం రేవు. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. మధ్యలో వశిష్ఠ గోదావరి నిండుగా కదులుతూ ఉంటుంది. ఇంకాస్త దూరం పోతే అంతర్వేది, ఆ తర్వాత సముద్రం. నది దాటించే పంటు ఒడ్డుకు దగ్గరపడుతుండగా దాని అంచున నిలబడ్డ కుర్రాడు తాడు చుట్ట విప్పి విసురుతాడు. విసురుతూ ఒకే ఒక్క మాట అంటాడు: "పట్టు!" ఒడ్డునున్న మనిషి తాడు అందుకుని గుంజకు రెండు చుట్లు తిప్పి బిగిస్తాడు. పంటు ఆగుతుంది. మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, చంకన బిడ్డలతో తల్లులు, పుస్తకాల సంచులతో పిల్లలు దిగిపోతారు. ఆ చెయ్యి తాడు అందుకోకపోతే పంటు ప్రవాహం వెంట పోతుంది.

ఆ కుర్రాడి నోటి నుంచి వచ్చిన మాటలోంచే "పట్టుదల" పుట్టింది. పాఠ్యపుస్తకాల్లో, సన్మాన పత్రాల్లో, పరీక్షల్లో నెగ్గిన పిల్లల మీద రాసే వార్తల్లో రోజూ చదివే మాట అది. వాడి వాడి అరిగిపోయిన నాణెంలా అయింది. దాని మీద అచ్చు ఏమిటో చూడాలంటే ఒకసారి వెనక్కి నడవాలి. నడవడానికి నరసాపురం కంటే మంచి దారి నాకు తెలియదు. ఈ ఊరు నాలుగు వందల ఏళ్లుగా ఏదో ఒకదాన్ని పట్టుకునే ఉంది. పట్టుకున్నది చేజారినప్పుడల్లా ఇంకోటి పట్టుకుంది.

మాట పుట్టుక

పట్టుదల అచ్చ తెలుగు మాట. "పట్టు" అనే క్రియకు "దల" అనే ప్రత్యయం చేరితే వచ్చింది. పెరుగుదల, తరుగుదల, ఎదుగుదల, విడుదల అన్నీ ఈ తీరున కట్టినవే. పట్టడం ఒక స్థితిగా నిలిచిపోతే పట్టుదల, విడవడం ఒక స్థితిగా కుదిరితే విడుదల. ఒకే అచ్చులో పోసిన ఈ రెండు మాటలూ అక్కాచెల్లెళ్లు. అర్థంలో మాత్రం ఎదురెదురు ఒడ్డుల్లో నిలబడ్డాయి.

పట్టు అన్న ధాతువు చాలా ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. తమిళంలో దీని రూపం "పఱ్ఱు". తమిళంలో "ఱ్ఱ" ఉన్నచోట తెలుగులో "ట్ట" రావడం భాషా శాస్త్రవేత్తలకు బాగా తెలిసిన సూత్రం. మన చుట్టు వాళ్ల చుఱ్ఱు, మన పుట్ట వాళ్ల పుఱ్ఱు. పట్టుచీరలోని పట్టుకు మాత్రం దీనితో చుట్టరికం లేదు. వినడానికి ఒకటే అయినా అది వేరే మూలం నుంచి వచ్చిన మాట.

ఇక్కడొక విశేషం ఉంది. తమిళంలో "పఱ్ఱుదల్" అంటే అనురాగం, మమకారం. పట్టుకోవడం వాళ్లకు మనసు అతుక్కోవడం అయింది. తెలుగులో అదే కట్టుబడి సంకల్పంగా మారింది. ఒకే తల్లి బిడ్డలు ఇద్దరు: ఒకరు ప్రేమ వైపు, ఇంకొకరు పని వైపు వెళ్లారు. అయినా రెండూ బొత్తిగా విడిపోలేదని నా నమ్మకం. ఇష్టం లేని పనిని ఎవరూ ఏళ్ల తరబడి పట్టుకుని ఉండలేరు.

పట్టుకోవడం నుంచి దృఢత్వం పుట్టడం మన భాషకే పరిమితం కాదు. సంస్కృతంలో "ధృతి" అన్న మాట "ధృ" ధాతువు నుంచి వచ్చింది. దానికీ పట్టుకోవడం, మోయడం అనే అర్థం. ఇంగ్లీషు వాళ్ల "టెనాసిటీ"కి మూలమైన లాటిన్ క్రియ "తెనేరే"కీ పట్టుకోవడమనే అర్థం. మనిషి ఎక్కడున్నా నిలకడను మొదట చేతితోనే గుర్తుపట్టాడు. మనసుకు పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు చేతి దగ్గరే అరువు తెచ్చుకున్నాడు.

అయితే తెలుగులో "పట్టు"కు ఉన్నంత విస్తృతి తక్కువ మాటలకు ఉంటుంది. చేపను పడతాం, దారి పడతాం, బిడ్డకు పాలు పడతాం. ముసురు పడుతుంది, నిద్ర పడుతుంది. కుస్తీలో పట్టు ఉంటుంది, శరీరానికి ఆయువుపట్టు ఉంటుంది, ఊరికి పట్టుకొమ్మ ఉంటుంది. ఎండాకాలం రాగానే గోదావరి జిల్లాల ఇళ్లల్లో "ఆవకాయ పట్టారా?" అని పలకరించుకుంటారు. అరిసెలకు బెల్లం పాకం పడతారు. పాకం పట్టేటప్పుడు గరిట ఆపితే అడుగంటుతుంది, ఒక్క నిమిషం ఎక్కువైతే గట్టిపడుతుంది. ఇంకోటి కూడా ఉంది: "ఎంతసేపు పట్టింది?" అని అడుగుతాం. కాలం గడవడాన్ని కూడా తెలుగువాడు పట్టడమనే అన్నాడు. చెయ్యి, కాలం, పాకం తెలిసిన కొలత, ఈ మూడూ పట్టుదల అన్న మాటలో కలిసి ఉన్నాయి.

దీని పక్కన నిలబడే మాటలు కొన్ని ఉన్నాయి. మొండితనం చెవులు మూసుకుంటుంది. పంతానికి ఎదుట ఎవరో ఒకరు ఉండాలి, ఎదుటివాడు ఓడిపోతే పంతమూ అయిపోతుంది. మంకుపట్టు చంటిపిల్లలది. ఉడుంపట్టుకు బలం ఉంది గానీ ఆలోచన లేదు. వేమన పట్టు పట్టే ముందు ఆలోచించమన్నాడు, పట్టాక మాత్రం ప్రాణం మీదికి వచ్చినా సడలొద్దన్నాడు. పట్టుదల ఎదుటివాడి కోసం కాకుండా పని కోసం ఉంటుంది. మళ్లీ మళ్లీ చెట్టు దగ్గరికి వెళ్లి శవాన్ని భుజాన వేసుకునే విక్రమార్కుణ్ణి మనం మొండివాడు అనలేదు. ప్రతిసారీ అతను కథ విన్నాడు, ఆలోచించాడు, జవాబు చెప్పాడు. బుద్ధి పనిచేస్తూనే పట్టు సడలకపోవడం వల్లనే అతని పేరు ఈ మాటకు చిరునామా అయింది.

ఓడలు కట్టిన చేతులు

1614లో "గ్లోబ్" అనే ఇంగ్లీషు ఓడ మరమ్మతుకు నరసాపురం వచ్చింది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పుట్టి అప్పటికి పద్నాలుగేళ్లే. ఆఫ్రికా చుట్టి, బంగాళాఖాతం దాటి, సియాం వరకూ వెళ్లి అలసిపోయిన ఆ ఓడను మళ్లీ సముద్రానికి సిద్ధం చేసింది ఇక్కడి వడ్రంగులు, కమ్మరులే. మచిలీపట్నం గోల్కొండ సుల్తానుల పెద్ద రేవు. కానీ అక్కడ ఓడను ఒడ్డుకు లాగి బాగుచేసే వీలు తక్కువ. లోతైన పాయ, గోదావరి మీద తెప్పలుగా దిగివచ్చే మన్యం కలప, ఇనుము, పనితెలిసిన మనుషులు కలిసి ఉన్నది నరసాపురంలో.

ఆ శతాబ్దం రెండో సగంలో బంగాళాఖాతం తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఓడ వ్యాపారి నరసాపురం, మాధవాయిపాలెం గురించి రాసి పెట్టాడు. మంచి కలప, మంచి ఇనుము, నేర్పరులైన వడ్రంగులు ఉన్నారని, ఇంగ్లీషు వర్తకులు ఇక్కడ ఓడలు కట్టించుకుంటారని అతని సాక్ష్యం.

ఆ వడ్రంగుల్లో ఒక్కరి పేరూ మనకు దక్కలేదు. ఓడ పేరు తెలుసు, అందులో వచ్చిన వర్తకుల పేర్లు తెలుసు. పలకకు పలక సందు లేకుండా అమర్చిన వాడి పేరు ఎవరూ రాసుకోలేదు. నాలుగు వందల ఏళ్ల ఈ కథలో ఈ సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది కనుక ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి.

గోదావరి తన ఒండ్రుమట్టితోనే తన నోరు మూసుకునే నది. పాయ ముఖద్వారం మేట వేసింది, ఓడలు పెద్దవయ్యాయి, ఆవిరి వచ్చింది. నరసాపురం ఓడల రేవు మెల్లగా పడవల రేవు అయింది. ఊరు పట్టుకున్న మొదటి తాడు అలా జారింది.

మాధవాయిపాలెం బట్ట

ఫ్రాన్సులో బట్టల దుకాణానికి వెళ్లి "మడపోలం" అని అడిగితే ఇవాళ్టికీ ఒక రకం నూలు బట్ట చూపిస్తారు. స్పెయిన్, పోర్చుగల్ భాషల్లోనూ ఆ మాట ఉంది. నిఘంటువులు దాని పుట్టిల్లు చెబుతాయి: గోదావరి ఒడ్డున మాధవాయిపాలెం. ఇందాక మనం పంటు దిగిన రేవు అదే.

మామూలు తెల్ల నూలుబట్ట కంటే సన్నగా, మస్లిన్ కంటే కాస్త దళసరిగా ఉండే ఆ నేత ఈ డెల్టా సాలెవాళ్ల చేతి పని. ఈస్టిండియా కంపెనీకి డెల్టాలో మూడు వాణిజ్య కేంద్రాలు ఉండేవి: మాధవాయిపాలెం, బండమూర్లంక, ఇంజరం. వాటిలో పెద్దది మాధవాయిపాలెం. పక్కనే పాలకొల్లులో డచ్చివాళ్ల బట్టల వ్యాపారం సాగింది. అక్కడి డచ్చి సమాధులు ఇంకా ఆ రోజుల్ని గుర్తుచేస్తాయి. 1824 ఒప్పందం ప్రకారం 1825లో డచ్చివాళ్లు తమ స్థావరాలను ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లిపోయారు. మాధవాయిపాలెం కేంద్రం 1833 దాకా నడిచింది.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. లాంకషైర్ మిల్లులు అదే రకం బట్టను యంత్రాల మీద నేయడం మొదలుపెట్టాయి. అదే పేరు పెట్టాయి. ఆ "మడపోలం" ఓడలెక్కి ఇండియాకే అమ్మకానికి వచ్చింది. మన ఊరి పేరును ముద్ర వేసుకుని, మన ఊరి మగ్గాన్ని ఆపేయడానికి వచ్చిన బట్ట అది. నేతగాడు పని వదల్లేదు, పనే అతన్ని వదిలింది. ఎంత పట్టుదల ఉన్నవాడైనా తాడు అవతలి కొసను ఇంకొకడు కోసేస్తే ఏం చేయగలడు?

కరువు, కాటన్, కాలువ

1833 గోదావరి జిల్లాల జ్ఞాపకంలో ఇంకో కారణంగానూ చెడ్డ సంవత్సరం. నందన నామ సంవత్సరపు కరువు అప్పుడే విరుచుకుపడింది. 1839లో ఉప్పెన వచ్చి కోరంగిని ముంచేసింది. 1821లో ఏడు లక్షల పైచిలుకు ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి ఐదున్నర లక్షల చిల్లరకు పడిపోయింది. చనిపోయినవాళ్లు కొందరు, వలసపోయినవాళ్లు కొందరు. నిండు నది పక్కన జనం నీళ్లు లేక, తిండి లేక పోయారు.

ఆర్థర్ కాటన్ ఆ నేల మీదికి వచ్చినప్పుడు ఆరోగ్యం చెడి టాస్మానియాలో కొంతకాలం విశ్రాంతి తీసుకుని తిరిగివచ్చిన మనిషి. డెల్టా అంతా కాలినడకన, గుర్రం మీద తిరిగి నివేదికలు రాశాడు. అడిగిన సిబ్బందిలో చాలా కొద్దిమందినే సర్కారు ఇచ్చింది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. నాలుగు పాయలుగా చీలిన నదికి అడ్డంగా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా దాన్ని కట్టారు. కాటన్ పక్కన నిలిచి పని నడిపించిన వీణెం వీరన్న పేరు తెలుగువాళ్లు కాటన్‌తో కలిపి తలుచుకుంటారు. అది న్యాయమే. ధవళేశ్వరం కొండ రాయి మోసిన వేలమంది కూలీలవి మాత్రం వడ్రంగుల మాదిరే పేరు దక్కని చేతులు.

ఆనకట్ట పూర్తయిన 1852లోనే సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువు కూడా అచ్చయింది. ఒకరు నీటికి కట్ట కట్టారు, ఇంకొకరు మాటకు కట్టారు. ఇద్దరూ ఏళ్లకు ఏళ్లు చేసిన పని అది. పట్టుదలకు అర్థం వెతుక్కునేవాడికి ఆ సంవత్సరం ఒక్కటే చాలు.

ఆనకట్ట నుంచి పడమటి డెల్టాకు దిగిన నీరు నరసాపురం కాలువగా ఊరిదాకా వచ్చింది. వరి పండింది, కొబ్బరి పెరిగింది, కాలువ మీద పడవలు నడిచాయి. ఇవాళ గోదావరి డెల్టాలో పది లక్షల ఎకరాలకు నీరందుతోంది. ఆ నీటి కోసం కాటన్ పడ్డ శ్రమను మన పెద్దలు మరిచిపోలేదు. అందుకే పరాయి దొరకు గోదావరి గట్టు మీద దణ్ణం పెట్టుకున్నారు, అపర భగీరథుడని పేరు పెట్టుకున్నారు.

ఒక్క దారం కథ

నీళ్లు రాకముందే, కరువు గాయాలు ఆరకముందే, నరసాపురం ఇంకో తాడు అందుకుంది. ఈసారి అది సన్నటి నూలు దారం.

1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో సహా గోదావరి డెల్టాకు వచ్చి నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పని మొదలుపెట్టారు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844 ప్రాంతంలో ఇక్కడి ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పారని ఈ ప్రాంతం తన చరిత్రగా చెప్పుకుంటుంది. కరువులో నిలువనీడ పోయిన క్రైస్తవ దళిత కుటుంబాల ఆడవాళ్లు మొదట దాన్ని నేర్చుకున్నారు. తర్వాత కాపుల ఇళ్లలోకి, ఆ తర్వాత మిగతా ఇళ్లలోకి పాకింది. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు, అవతలి ఒడ్డున సఖినేటిపల్లి, రాజోలు అన్నీ లేసు ఊళ్లయ్యాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికాలకు సరుకు వెళ్లింది. 1899 నాటి కరువును, 1929 నాటి ఆర్థిక మాంద్యాన్ని ఈ పని తట్టుకుని నిలబడింది.

తట్టుకున్నది ఎలాగో తెలియాలంటే పనిని దగ్గరగా చూడాలి. నరసాపురం పక్కనే ఉన్న రుస్తుంబాదలో ఒక మధ్యాహ్నం. వీధి అరుగు మీద ఒక పెద్దావిడ గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో చిన్న గుడ్డసంచి, అందులో దారం ఉండ. ఎడమచేతి చిటికెన వేలికి దారం ఒక చుట్టు చుట్టి, మధ్యవేళ్ల కిందుగా తీసి, చూపుడువేలు మీదుగా వదిలింది. కుడిచేతిలో చివర కొక్కెం ఉన్న సన్నని సూది. కొక్కెంతో దారాన్ని లాగి ముందున్న ఉచ్చులోంచి తీస్తే కొత్త ఉచ్చు. దాంట్లోంచి ఇంకోటి. అలా గొలుసు. గొలుసు చుట్టుకుని వలయం, వలయం మీద రేకులు. మాట్లాడుతూనే ఉంది, కళ్లు వీధిలోకి చూస్తూనే ఉన్నాయి, సూది మాత్రం ఆగడం లేదు. పువ్వు పూర్తయ్యే దాకా ఎక్కడా దారం తెగలేదు.

"ఇంత సన్నదారం తెగకుండా ఎలా వస్తుందమ్మా?" అని అడిగాను.

"సూదిలో ఏం లేదండి బాబూ, అంతా ఈ వేలిలోనే ఉంది" అని ఎడమ చూపుడువేలు చూపించింది. దారం రాసుకుని రాసుకుని అక్కడ సన్నని గాడి పడి ఉంది. "గట్టిగా పట్టేత్తే పువ్వు ముడుచుకుపోద్దండి. వదులుగా పట్టేత్తే సాగిపోద్ది. పట్టు తెలవడానికే నాకు రెండేళ్లు పట్టిందండి."

మాట మూలాన్ని నేను నిఘంటువుల్లో వెతుకుతున్నాను. ఆవిడ వేలి మీద చూపించింది. పట్టుదల అంటే బిగించడం అనుకుంటాం. బిగిస్తే పువ్వు పాడవుతుంది. ఎంత పట్టాలో, ఎక్కడ వదలాలో తెలిసి, తెలిసినదాన్ని మానకుండా చెయ్యడమే పట్టుదల. మన పెద్దవాళ్లు "పట్టువిడుపులు" అని ఒకే మాటగా జోడించింది అందుకే. విడుపు తెలియని పట్టును ఆ మాట పట్టుదలలో చేర్చలేదు.

కొక్కెం సూదితో చేసే ఈ క్రోషె అల్లికకు ఇంకో గుణం ఉంది. మొత్తం ఒకే దారం. చివరి ఉచ్చును ముడి వేసి బంధించకపోతే, కొస పట్టుకుని లాగితే చాలు, నెలరోజుల పని క్షణాల్లో ఊడి ఉత్త దారమై చేతికొస్తుంది. ఈ అల్లికను యంత్రం ఇప్పటికీ చెయ్యలేకపోయింది. యంత్రం చేసేది దాన్ని పోలిన ఇంకో అల్లిక మాత్రమే. మాధవాయిపాలెం నేతను మింగిన యంత్రం నరసాపురం లేసును పూర్తిగా మింగలేకపోవడానికి ఇదొక కారణం. అయితే పోలిక ఉన్న చవక సరుకు, ముఖ్యంగా చైనా నుంచి, బజారులో దీని గొంతు పట్టుకుంది.

పొగడ్తకు, కూలికి మధ్య

1970లలో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి లేసు అల్లే ఆడవాళ్ల మధ్య ఉండి పరిశోధన చేసింది. 1982లో ఆమె పుస్తకం వచ్చింది. స్త్రీల శ్రమ గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా ఆ పుస్తకం పేరు చెబుతారు. అలా నరసాపురం పేరు మాధవాయిపాలెం బట్ట తర్వాత మళ్లీ లోకం చుట్టింది.

ఆమె రాసింది ఈ ఊరివాళ్లకు తెలిసిన నిజమే. ఎగుమతి వ్యాపారం చేసేవాళ్లు మగవాళ్లు, అల్లేవాళ్లు ఆడవాళ్లు. అల్లే పనిని ముక్కలు చేశారు: పువ్వులల్లడం చేతిపని, అల్లిన ముక్కల్ని కలపడం అతుకుపని. ఒకరు అల్లింది ఇంకొకరు కలుపుతారు, మొత్తం వస్తువు ఏ దేశం పోతుందో, ఎంతకు అమ్ముడవుతుందో ఇద్దరికీ తెలియదు. లక్షమందికి పైగా ఆడవాళ్లు ఈ పనిలో ఉన్నారని నాటి అంచనా. రోజుకు ఆరేడు గంటలు కూర్చుని అల్లినా ఒక్క రూపాయి కూడా చేతికి రాలేదు. కారణం ఒకటే: వాళ్లు పనివాళ్లు కారు, గృహిణులు, ఖాళీగా ఉన్నప్పుడు ఏదో అల్లుకుంటున్నారు అని అందరూ అనుకున్నారు. వాళ్లు కూడా అలాగే అనుకున్నారు. వంట, పిల్లలు, నీళ్లు, పశువులు అయ్యాక మిగిలిన సమయాన్ని "ఖాళీ" అన్నారు. ఆ ఖాళీలోంచి రాష్ట్రానికి విదేశీ మారకద్రవ్యం వచ్చింది.

ఇక్కడే పట్టుదల అన్న మాటను జాగ్రత్తగా వాడాలని నేను గట్టిగా అనుకుంటాను. "ఎంత ఓపికమ్మా మీకు, ఎంత పట్టుదల!" అని పొగడటం తేలిక. ఆ పొగడ్తే కూలి బదులు అయిపోతే అది పొగడ్త కాదు. ఓడ వడ్రంగికి పేరు ఇవ్వలేదు, సాలెవాడి ఊరి పేరు కూడా లాక్కున్నారు, లేసు అల్లే తల్లికి శ్రామికురాలిగా గుర్తింపే ఇవ్వలేదు. పట్టుదల గుణమే, కానీ ఎదుటివాడి పట్టుదల మీద బతకడం గుణం కాదు.

కొంత మారింది. మహిళల సహకార సంఘాలు వచ్చాయి. లేసు వ్యాపారానికని కేంద్రం ఒకటి వెలిసింది. 2024లో నరసాపురం క్రోషె లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ పేరుతో ఇంకెవరూ సరుకు అమ్మడానికి వీల్లేదని చట్టం చెప్పింది. 1833 తర్వాత లాంకషైర్ మాధవాయిపాలెం పేరును ఎత్తుకుపోయినప్పుడు అలాంటి చట్టం లేదు. ఆ లెక్కన ఇది దాదాపు రెండు వందల ఏళ్లు ఆలస్యంగా వచ్చిన న్యాయం. కానీ అల్లేవాళ్ల సంఖ్య లక్షల నుంచి వేలకు దిగింది. తల్లి అల్లుతుంటే కూతురు చూస్తుంది, నేర్చుకోవాలని మాత్రం అనుకోదు. ఆ పిల్లను తప్పుపట్టలేం. కూలి గిట్టని పనిని వదిలి చదువులోకో, ఉద్యోగంలోకో వెళ్లడం కూడా పట్టుదలే. పనిని కాపాడాలంటే ముందు పనికి ధర కట్టాలి.

ఎదురుచూపు వేరు, పట్టుదల వేరు

నరసాపురం ఇంకా కొన్నిటి కోసం చూస్తూనే ఉంది. సఖినేటిపల్లికి వంతెన కావాలని దశాబ్దాలుగా అడుగుతోంది. వశిష్ఠ వారధి అని పేరు కూడా పెట్టుకుంది. ఒకటికి మించి శంకుస్థాపనలు చూసింది. వంతెన లేదు గనుక రోడ్డున పోవాలంటే చించినాడ తిరిగి పోవాలి, లేదా పంటు ఎక్కాలి. 2000-01లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం గౌతమి, వైనతేయ, వశిష్ఠ అనే మూడు పాయల్ని దాటాలి. అవతలి గట్టు నుంచి బయలుదేరిన పట్టాలు ఇంకా ఇక్కడికి చేరలేదు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను, మధ్యలోనూ తర్వాతా ఎన్నో. ప్రతిసారీ కొబ్బరి పడింది, మళ్లీ నాటారు. పడవ పగిలింది, మళ్లీ కట్టుకున్నారు. ఇల్లు కూలింది, ఆ అరుగు మీదే మళ్లీ కూర్చుని సూది పట్టారు.

మళ్లీ నాటడం, మళ్లీ కట్టుకోవడం పట్టుదల. వంతెన కోసం చూడటం ఎదురుచూపు. రెంటినీ కలిపేస్తే జనం ఓపికే సర్కారు సాకుగా మారుతుంది. పట్టుదలలో చెయ్యి కదులుతూ ఉంటుంది. ఎదురుచూపులో చెయ్యి కట్టేసి ఉంటుంది, ఆ కట్టు విప్పాల్సింది ఇంకెవరో.

సాయంత్రం తిరిగి మాధవాయిపాలెం రేవుకు వచ్చాను. ఓడలు వెళ్లిన రేవు, బట్ట మూటలు ఎక్కిన రేవు, లేసు పార్సిళ్లు దాటిన రేవు. నాలుగు వందల ఏళ్లు ఇక్కడి చేతులు లోకం వైపు ఏదో ఒకటి విసురుతూనే ఉన్నాయి: ఓడ పలక, తెల్లని తాను, దారపు పువ్వు. విసిరిన ప్రతిసారీ అవి చెప్పిన మాట ఒకటే. అవతలి గట్టున కొందరు అందుకున్నారు, కొందరు కొస కోశారు, చాలామంది అందుకుని పేరు కూడా అడక్కుండా వెళ్లిపోయారు.

చీకటి పడుతుండగా ఆఖరి పంటు వచ్చింది. కుర్రాడు తాడు విసిరాడు. "పట్టు!"

ఒడ్డున మనిషి ఉన్నాడు. అందుకున్నాడు. పంటు ఆగింది.